ఆమె తాలూకు ఎవరు?

మార్చి 3

డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. "ఎవరికీ చూపించక్కర్లేదు. నాక్కూడా" అన్నాడు. అలాగైతే పరవాలేదు.

ఈరోజు పనికి వెళ్లాను. పిచ్చుక పోయి ఇరవై మూడు రోజులు. కళ్లద్దాల షాపు వెనక గదిలో నా బల్ల మీద నలభై ఒక్క జతల అద్దాలు పేరుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఫ్రేము కొలతకి అరగదీసి, అంచు నున్నగా చేసి, బిగించాలి. గదికి తలుపుంది. మిషను మోతకి చెవులు కప్పుకునే మఫ్‌లున్నాయి. పదమూడేళ్లుగా ఈ ఒక్క ఉద్యోగంలో నిలబడగలిగానంటే ఆ రెండింటి పుణ్యమే.

కౌంటర్‌లో కూర్చునే అక్క టీ తెచ్చిపెట్టి, "ఒకసారి బాగా ఏడిచెయ్యమ్మా, గుండె తేలికవుతుంది" అంది.

"రావడం లేదక్కా."

ఆమె నా వంక అదోలా చూసి వెళ్లింది. ఆ చూపు నాకు కొత్త కాదు. అంత్యక్రియల రోజున కూడా నా వెనక ఎవరో, "రూమ్మేటటగా? రాయిలా ఎలా నించుందో చూడు" అన్నారు. గుసగుసగానే అన్నారు. కానీ నాకు వినబడనిదంటూ ఉండదు. నాతో వచ్చిన చిక్కే అది.

సాయంత్రం ఆరుంపావుకి మెట్ల మీద అడుగులు. ఎడమ కాలు కాస్త బరువుగా. రోజంతా క్లచ్ తొక్కి వచ్చిన కాలు అలాగే పడుతుంది. తర్వాత తాళాల గుత్తి గోడకి రాసుకున్న చప్పుడు. వెళ్లి తలుపు తీశాను. ఎవరూ లేరు. లోపలికి వచ్చి, తీసిన రెండు కప్పుల్లో ఒకటి మళ్లీ అలమరలో పెట్టాను.

బాగానే ఉన్నాను.

మార్చి 4

మళ్లీ ఆరుంపావు. ఈసారి తలుపు తీయలేదు. తీయలేదని ఆవిడ బయటే నిలబడి ఉంటుందేమోనని గంటసేపు కదలలేకపోయాను.

మార్చి 7

పిచ్చుక అన్న పేరు నేను పెట్టిందే. మనిషి చిన్నది, నడిపేది అంత పెద్ద సిటీ బస్సు. వీపు వెనక దిండు పెట్టుకుంటే గానీ పెడల్ అందేది కాదు. ఆవిడ నన్ను 'స్కేలు' అనేది. అన్నీ కొలుస్తానని.

మొదటిసారి కళ్లజోడు కోసమే షాపుకి వచ్చింది. కౌంటర్ అక్క సెలవులో ఉండడం వల్ల నేనే ముందుకి రావాల్సివచ్చింది. కంటిపాపల మధ్య దూరం కొలుస్తున్నాను.

"నా మొహం వంక చూడరేంటండీ మీరు? అంత భయంగా ఉన్నానా?" అంది.

"ఎవరి మొహమూ చూడను. అరవై రెండున్నర మిల్లీమీటర్లు" అన్నాను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. నా మీద కాదు. నవ్వు నా మీదా కాదా అన్నది చాలామంది విషయంలో నాకు తెలీదు. ఆవిడ విషయంలో తెలిసింది. ఆ తర్వాత పదకొండేళ్లు కలిసి ఉన్నాం.

నాకున్నదాన్ని ఆటిజం అంటారని ముప్పై మూడో ఏట తెలిసింది. ఇంటికొచ్చి చెప్తే పిచ్చుక, "అయితే ఇప్పుడు నేనేం మార్చుకోవాలి?" అంది. "మిక్సీ వేసే ముందు చెప్పు" అన్నాను. అంతే. ఆ రోజు నుంచి పక్క గదిలో ఉన్నా వచ్చి చెప్పి వేసేది.

జ్వరం ముదిరి ఆస్పత్రిలో చేరినప్పుడు, లోపలికి బంధువులు మాత్రమే అన్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు. అందుకే చివర్లో పక్కన లేను.

నన్ను లోపలికి రానివ్వలేదు.

మార్చి 9

పొద్దున్న పదింటికి తలుపు తట్టారు. తీయలేదు. "అమ్మా, నేను టైపు మాస్టార్ని. మీ పిచ్చుక మా ఆదివారం గుంపుకి వచ్చేది" అంది బయటి గొంతు. పెద్దాయన గొంతు.

నాకు తెలుసు ఆ గుంపు. సైకిల్ షాపు పైన ఒక గది. మాలాంటివాళ్లు, అంటే ఇళ్లలో ఎవరి గురించైతే గొంతు తగ్గించి మాట్లాడుకుంటారో వాళ్లంతా, ఆదివారం నాలుగింటికి అక్కడ చేరతారు. పిచ్చుక రమ్మని ఎన్నోసార్లు అడిగింది. పాతికమంది ఒక్క గదిలో అంటేనే నాకు చెమటలు పట్టేవి. "సర్లే, ఎప్పుడో ఒకప్పుడు" అనేది.

మాస్టారు కాసేపు నిలబడి, తలుపు కింద నుంచి ఒక కాగితం తోసి వెళ్లారు. టైపు చేసి ఉంది, ఒక్క తప్పు లేకుండా. "మాట్లాడక్కర్లేదు. ఏడవక్కర్లేదు. వచ్చి కూర్చుంటే చాలు. ట్యూబులైట్లు తీయించేశాం."

ట్యూబులైట్ల గుయ్యిమనే మోత నాకు పడదని ఆయనకి ఎవరు చెప్పి ఉంటారు? ఇంకెవరు చెప్తారు!

మార్చి 12

పిచ్చుక వాళ్లక్క ఫోన్ చేసింది. పదకొండేళ్లుగా చెల్లెలితో మాట్లాడని అక్క. బస్సు డిపో వాళ్ల పాత కాగితాల్లో ఆమె నంబరే ఉంది కాబట్టి ఆస్పత్రి నుంచి కబురు ఆమెకే వెళ్లింది.

"ఇరవై రెండో తారీకు వస్తాను. దాని సామాను ఏదో ఏమిటో కాస్త విడిగా తీసిపెట్టు" అంది.

విడిగా ఎలా తీయాలి? దువ్వెన ఎవరిది? దుప్పటి ఎవరిది? రోజంతా ఇంట్లో తిరిగాను. విడిగా తీయగలిగింది డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే.

మార్చి 16

వెళ్లాను.

మెట్లు పదిహేడు. తలుపు దగ్గర మాస్టారు ఉన్నారు. చెయ్యి చాపలేదు, దగ్గరికి తీసుకోలేదు, "వచ్చావా" అని మాత్రం అని పక్కకి జరిగారు. లోపల పసుపు బల్బులు. చప్పట్లు కొట్టకుండా చేతులు పైకెత్తి ఊపుతారు. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడతారు. ఒక మూల కిటికీ వైపు తిప్పి ఒక కుర్చీ ఉంది, గదికి వీపు పెట్టి కూర్చునేలా. దాంట్లో ఎవరూ కూర్చోలేదు.

"అది నీదే" అన్నారు మాస్టారు. "రెండేళ్ల కిందట మీ పిచ్చుక వేయించింది. ఎవరైనా కూర్చోబోతే లేపేసేది."

కూర్చున్నాను. కాళ్లు నేలకి సరిగ్గా ఆనాయి. కొలిచి కొన్నట్టుంది.

పక్కన టైలరమ్మ అని పిలిచే ఆవిడ వచ్చి కింద చాప మీద కూర్చుంది. భారీ మనిషి, చేతిలో సూదీ దారం. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు మగపిల్లాడనుకున్నారట. "కొలతలు తప్పు తీశారు పిల్లా. విప్పి మళ్లీ కుట్టుకునేసరికి నలభై ఏళ్లు పట్టింది" అంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై మూడు, ముప్పై... ముప్పై ఆరు రోజుల తర్వాత నవ్వు. వెంటనే తప్పు చేసినట్టనిపించి ఆపేశాను.

మాస్టారు తన స్నేహితుడి గురించి చెప్పారు. ఇద్దరూ ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. ఆయన పోయినప్పుడు చుట్టాలు వచ్చి, అందరికీ మాస్టార్ని చూపించి, "పైన అద్దెకుంటారు" అని చెప్పారట. "పైన గదే లేదమ్మా ఆ ఇంటికి" అన్నారు.

ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఇంటికొచ్చేసరికి ఆరున్నర దాటింది. ఆరుంపావుకి ఇంట్లో లేను. ఆవిడ వచ్చి వెళ్లిపోయిందేమో.

మార్చి 22

అక్క వచ్చింది. రెండు సూట్‌కేసులు, ఖాళీవి. మొహం వేరు, నడక మాత్రం అచ్చం ఆ నడకే. తలుపు తీసే ముందు గడియారం చూశాను.

గదులన్నీ చూసింది. రెండే గదులు. పడగ్గది గుమ్మంలో ఆగిపోయింది.

"రెండో మంచం ఏది?"

"లేదు."

"ఇప్పుడు తీసేశావా?"

"ఎప్పుడూ లేదు."

ఆమె వంటగదిలోకి వెళ్లి గ్లాసు తీసుకుని మంచినీళ్లు తాగుతూ గోడ వైపు చూసింది. స్టవ్ పైన పిచ్చుక అంటించిన చీటీ ఇంకా ఉంది. 'స్కేలూ! గ్యాస్ కట్టేశావా? మళ్లీ చూడు.' ఆమె గ్లాసు కింద పెట్టడం మర్చిపోయింది.

"స్కేలంటే... మనిషా?"

"నేనే."

కుర్చీ లాక్కుని కూర్చుంది. "చివరి రోజు అది 'స్కేలేదీ, స్కేలేదీ' అంది. జ్వరంలో పలవరిస్తోందనుకున్నా. చిన్నప్పుడు బడిలో స్కేలు పోగొట్టుకుని ఏడ్చింది ఒకసారి, అదే గుర్తొచ్చిందేమో అనుకున్నా. 'కొనిస్తాలేవే' అన్నాను. నా చెయ్యి విదిలించేసింది."

నేను సింకులో కప్పు కడిగాను. అది కడిగే ఉంది.

"నర్సుకి అనుమానమొచ్చింది, మనిషిని అడుగుతోందని. బయటికి వెళ్లి పిలిచింది. తిరిగొచ్చి, బయట ఎవరూ లేరంది." ఆమె కప్పు వైపు చూస్తూ చెప్పింది. "అంతకు ముందు మూడు రోజులు నిన్ను లోపలికి రానివ్వొద్దని చెప్పింది నేనేనమ్మా. ఎవరో బయటివాళ్లు, వద్దన్నాను. ఇక నువ్వు మాత్రం ఎందుకుంటావు అక్కడ, ఇంటికి వెళ్లిపోయుంటావు. తప్పు నాది."

"రానివ్వలేదు కదా" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. ఆమె తల వంచుకుంది. నేను ఆమెని అలా తల వంచుకోనిచ్చాను.

వెళ్లేటప్పుడు, "యూనిఫాం ఒకటి తీసుకెళ్లనా?" అని అడిగింది.

"రెండున్నాయి. ఒకటి తీసుకోండి."

చొక్కా ఒక్కటే మడతపెట్టి చేతిసంచిలో పెట్టుకుంది. సూట్‌కేసులు ఖాళీగానే వెనక్కి మోసుకెళ్లింది. నాలుగో తారీకున డిపోలో సంతాప సభ ఉందని, రమ్మని చెప్పింది.

మార్చి 23

ఆదివారం. వెళ్లలేదు.

మార్చి 25

అక్క అనుకున్నట్టు నేను ఇంటికి వెళ్లిపోలేదు. అక్కడే ఉన్నాను.

రాసేస్తాను. డాక్టరుకి కూడా చూపించక్కర్లేదు కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల మిషన్లు ఒక్కొక్కటీ ఒక్కో శ్రుతిలో కూతలు పెడుతున్నాయి. తలుపు తెరిచినప్పుడల్లా అవన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చి మీద పడేవి. ఎవరిదో స్ట్రెచర్ చక్రం కీచుమంటోంది. ఎవరో ఫోన్లో అరుస్తున్నారు. ఆ రోజు మఫ్‌లు ఇంట్లో మర్చిపోయాను. మూడు రోజులూ తెచ్చుకున్నాను, ఆ రోజే మర్చిపోయాను. తల లోపల ఏదో తెగినట్టయింది. లేచి మెట్ల వైపు పరిగెత్తాను. అర అంతస్తు దిగి, మలుపులో గోడకి తల ఆనించి, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాను.

ఇరవై నిమిషాలు. గడియారం చూశాను కాబట్టి తెలుసు.

ఆ ఇరవై నిమిషాల్లో పైన తలుపు తెరుచుకుంది. "లోపలున్నావిడ తాలూకు ఇంకెవరైనా ఉన్నారా?" అని ఒక ఆడగొంతు. కాసేపాగి మళ్లీ, "ఆమె తాలూకు ఎవరండీ?"

రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నా వినబడింది. నాకు వినబడనిదంటూ ఉండదు.

లేవమని కాళ్లకి చెప్పాను. లేవలేదు. నోటికి చెప్పాను. అదీ తెరుచుకోలేదు. నాకు అలా అవుతుంది, కొన్నిసార్లు, పిచ్చుకకి తెలుసు. కానీ అది పూర్తి నిజం కాదు. అసలు నిజం ఇది. మళ్లీ ఆ మోతలోకి వెళ్లాలంటే భయం వేసింది. ఇంకొక్క నిమిషం ఆగి వెళ్దామనుకున్నాను. తర్వాత ఇంకొక్క నిమిషం.

లేచి వెళ్లేసరికి మిషన్లు ఆపేశారు. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

ఇంటికి వచ్చే అడుగులు రోజూ ఎందుకు వినబడతాయో నాకు తెలుసు. నేను వెళ్లలేదు కాబట్టి ఆవిడే వస్తోంది.

మార్చి 30

గుంపులో అంతా చెప్పేశాను. కిటికీ వైపు తిరిగి, గదికి వీపు పెట్టి చెప్పాను. అక్కకి అబద్ధం చెప్పింది కూడా. చివరికి, "తప్పు నాదే కదా?" అని అడిగాను.

ఎవరో "అయ్యో, లేదు లేదు" అనబోయారు. టైలరమ్మ వాళ్లని ఆపింది.

"అడిగిందానికి సమాధానం చెప్పండి, జోకొట్టకండి" అంది. తర్వాత నాతో, "తప్పే పిల్లా" అంది. "నీ చేతిలో లేని తప్పు సగం, ఉన్నది సగం. ఏది ఎంతో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అయితే ఏంటి? ఏ తప్పూ చేయనివాళ్లకేనా ఇక్కడ కుర్చీలు? అలాగైతే మొట్టమొదట నేను లేవాలి."

మాస్టారు మాట్లాడేముందు గొంతు సవరించుకుంటారు, రెండుసార్లు. "మావాడు పోయేటప్పుడు నేను చెయ్యి పట్టుకునే ఉన్నానమ్మా. వదల్లేదు. అయినా ఆరేళ్లుగా పక్క గదిలోంచి పిలుస్తూనే ఉన్నాడు. దగ్గర ఉన్నవాణ్ణీ పిలుస్తారు. నేను 'వస్తున్నా' అంటాను. అని, నా పని నేను చేసుకుంటాను."

ఏడుపు అప్పుడొచ్చింది. చాలా వికారంగా ఏడ్చాను, ముక్కుతో, దగ్గుతో. ఎవరూ ముట్టుకోలేదు. టైలరమ్మ ఒక గుడ్డ ముక్క విసిరింది. లైనింగ్ గుడ్డ. మెత్తగా ఉంది.

ఇంటికొచ్చాక ఆరుంపావుకి అడుగులు వినబడ్డాయి. "వస్తున్నా" అన్నాను. గొంతు నాదిలా లేదు.

ఏప్రిల్ 4

డిపోలో సభ. మఫ్‌లు పెట్టుకుని వెళ్లాను. గుంపు నుంచి ఆరుగురు వచ్చారు. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో, టైలరమ్మ తనే కుట్టుకున్న నల్ల జాకెట్టులో. అందరం చివరి వరసలో కూర్చున్నాం. డ్రైవర్లు, కండక్టర్లు వందమంది దాకా ఉన్నారు. ముందు వరసలో అక్క.

మేనేజరు మైకు పట్టుకున్నాడు. మనిషి మంచివాడే, చెడు ఉద్దేశం లేదు. "ఆవిడ పెళ్లీ పెటాకులూ లేకుండా, నా అన్నవాళ్లెవరూ లేకుండా, ఒంటరిగా బతికి, జీవితమంతా డ్యూటీకే ధారపోసింది" అన్నాడు.

ఎప్పుడు లేచానో తెలీదు. మఫ్‌లు తీసేశాను. మోత అంతా మీదకి వచ్చింది, ఫ్యాన్లు, మైకు గురక, బయట ఇంజన్లు.

"ఒంటరిగా కాదు" అన్నాను.

"ఎవరమ్మా?" అన్నాడు మేనేజరు.

వంద మొహాలు వెనక్కి తిరిగాయి. నేను ఎవరివంకా చూడకుండా మైకు తీగ వైపు చూశాను.

"నేను ఆవిడ తాలూకు. నన్ను స్కేలు అని పిలిచేది. పదకొండేళ్లు ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉన్నాం. ఆవిడ ఒంటరిగా బతకలేదు. రోజూ ఆరుంపావుకి ఇంటికి వచ్చేది. నేను ఉండేదాన్ని."

ఎవరో నవ్వారు. ఎవరో "ఛీ" అన్నారు. అదీ వినబడింది. ఇంజన్లు చూసే ఒక ముసలి మెకానిక్ మాత్రం, "టీ ఫ్లాస్కు మీద స్కేలు బొమ్మ గీసుకుంది ఎందుకా అనుకున్నా" అని పక్కవాడితో అన్నాడు. ఆ తర్వాత మైకు కీచుమంది. ఇక ఉండలేక బయటికి నడిచాను. వెనక ఆరు జతల చెప్పుల చప్పుడు. పిలవకుండానే వచ్చారు, ఏమీ అనకుండా గోడ నీడలో నాతోపాటు నిలబడ్డారు.

కాసేపటికి అక్క వచ్చింది. నా పక్కన నిలబడి, "బాగా చెప్పావు" అంది. ఆ మెచ్చుకోలు తట్టుకోవడం నాకు కష్టమైంది.

"ఆ రోజు నేను ఇంటికి వెళ్లిపోలేదండీ. మెట్ల మీద ఉన్నాను. నర్సు పిలిచింది."

"వినబడలేదా?"

"వినబడింది."

"వినబడీ రాలేదా?"

"రాలేదు."

అక్క నా వంక చూసింది. ఎలా చూసిందో తెలీదు, నేను ఆమె చెప్పుల వైపు చూస్తున్నాను. ఆ చెప్పులు వెనక్కి తిరిగి, గేటు దాకా వెళ్లి, రోడ్డు దాటి వెళ్లిపోయాయి.

"చెప్పాల్సిందే చెప్పావు" అన్నారు మాస్టారు.

"ఇంకాస్త ఆగి చెప్పాల్సింది" అంది టైలరమ్మ. అక్కడే ఇద్దరూ పోట్లాడుకున్నారు.

ఏప్రిల్ 5

షాపులో కౌంటర్ అక్కకి ఎవరో చెప్పినట్టున్నారు. టీ తెచ్చి, వెళ్లకుండా నిలబడింది. "నేను ఆ రోజు 'ఏడిచెయ్యి' అన్నానే... రూమ్మేటే కదా, ఒకసారి ఏడిస్తే సరిపోతుందనుకుని అన్నాను. క్షమించు" అంది. ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ మిషను ఆపి, ఆమె వెళ్లేదాకా ఆపే ఉంచాను.

ఏప్రిల్ 10

అక్క నుంచి కబురు లేదు. రావాలని నేనేం అనుకోవడం లేదు. ఫోన్ మాత్రం బల్ల మీద, మిషను పక్కనే పెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 13

గుంపులో ఈసారి కుర్చీని కాస్త పక్కకి తిప్పుకున్నాను. సగం కిటికీ, సగం గది. ఎవరూ గమనించనట్టు నటించారు. అందరూ గమనించారు.

ఏప్రిల్ 17

అక్క ఫోన్ చేసింది.

"నీ మీద కోపం పోలేదు" అంది ముందే.

"సరేనండీ."

"నా మీద కూడా పోలేదు."

లైను మీద ఆమె ఊపిరి వినబడుతోంది. పిచ్చుక ఊపిరి కంటే కాస్త నెమ్మది.

"ఒకటి అడుగుతాను. నన్ను ఓదార్చాలని చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు. నీకు అబద్ధాలు రావని నీ మొహమే చెప్తుంది, అయినా ఒక అబద్ధం చెప్పావనుకో." ఆగింది. "ఈ పదకొండేళ్లలో అది నన్ను తలుచుకునేదా?"

రోజూ తలుచుకునేది అని చెప్తే ఆమె హాయిగా ఫోన్ పెట్టేసేది. అలా చెప్పాలని వేరేవాళ్లకి తడుతుందనుకుంటాను. నేను గుర్తు చేసుకుని లెక్కపెట్టాను.

"రెండుసార్లు" అన్నాను.

అవేవో కూడా చెప్పాను.

"మొదటిసారి, అయిదేళ్ల కిందట. మీ ఊరి వైపు వెళ్లే బస్సు డ్యూటీ వేస్తే మార్పించుకుంది. 'అక్క ఎక్కితే టికెట్టు అడగాలా, దింపెయ్యాలా తెలీదు' అంది. నవ్వుతూనే అంది, కానీ ఆ రోజు అన్నం తినలేదు. రెండోసారి, పోయిన వానాకాలం. నేను తల దువ్వుతుంటే చిక్కు పడి నొప్పెట్టింది. 'మా అక్క దువ్వితే నొప్పి తెలిసేది కాదే. చిక్కుకి పైన గట్టిగా పట్టుకుని, కింద నుంచి విప్పేది. నువ్వూ అలా పట్టుకో' అంది. అప్పటి నుంచి అలాగే పట్టుకునేదాన్ని."

ఆమె ఏడుస్తోందని తెలిసింది. అలాంటప్పుడు ఏదో ఒకటి అనాలని కూడా తెలుసు. కానీ ఫోన్ చెవికి ఆనించుకుని, ఆమె ఏడుపు మొత్తం, అయ్యేదాకా విన్నాను. పెట్టెయ్యలేదు.

ముక్కు చీదుకుని, "రెండోది మళ్లీ చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను.